జూలో పుట్టి అడవికి చేరిన మూషిక జింక

మీలో చాలామంది హైదరాబాదులోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలను చూసే ఉంటారు. బడి నుంచి విహారయాత్రకు వెళ్ళినప్పుడో, వేసవి సెలవుల్లో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడో చూసి ఉంటారు. ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే మీరు మొదట ఏమని అడిగారు? "పులి ఎక్కడుంది?" అనే కదా! ఆ తరువాత సింహం, ఏనుగు, ఖడ్గమృగం. మధ్యలో ఏ చిన్న జంతువైనా చెట్టు నీడన నక్కి కనిపిస్తే, "ఇదేముందిలే" అనుకుని ముందుకు నడిచి ఉంటారు.

ఈసారి మనం అలా వదిలేసి వెళ్ళే ఒక చిన్న జంతువు గురించి తెలుసుకుందాం. దాని పేరు మూషిక జింక. అది ఏ దూరదేశం నుంచో వచ్చినది కాదు. మన నల్లమల అడవుల్లోనే తిరిగే జంతువు. జంతు ప్రదర్శనశాల అసలు ఎందుకుండాలి అన్న ప్రశ్నకు కూడా ఈ బుల్లి జంతువు దగ్గర మంచి సమాధానం ఉంది.

మన ఇంటి జంతువులు

నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబర్ 6న ప్రారంభమైంది. మీర్ ఆలం చెరువు పక్కనే సుమారు 380 ఎకరాల్లో విస్తరించి ఉంది. పాతకాలపు జంతుశాలల్లో జంతువుల్ని ఇనుప బోనుల్లో బంధించేవారు. ఇక్కడ చాలా జంతువులకు చెట్లూ, నేలా ఉన్న విశాలమైన ఆవరణలను కట్టారు. జంతువుకూ మనకూ మధ్య కటకటాలకు బదులు లోతైన కందకం ఉంటుంది.

జూలలో రెండు రకాల జంతువులు కనిపిస్తాయి. కొన్ని పరాయి దేశాలవి. జిరాఫీ, నీటిగుర్రం ఆఫ్రికా ఖండానివి. కొన్ని మన నేలకు చెందినవి. ఎలుగుబంటి, కృష్ణజింక, చుక్కల దుప్పి, నక్షత్ర తాబేలు, దేవాంగ పిల్లి, పునుగు పిల్లి ఇటువంటివి. వింత ఏమిటంటే, జిరాఫీని బొమ్మల్లో చూసి మనం ఇట్టే గుర్తుపడతాం. మన ఊరి పక్క అడవిలో ఉండే పునుగు పిల్లిని మాత్రం గుర్తుపట్టలేం! దీనికి ఒక కారణం ఉంది. మన చిన్న జంతువుల్లో చాలా వరకు నిశాచర జీవులు. మనం నిద్రపోయే వేళ అవి మేలుకుంటాయి.

అందుకే ఈ జూలో నిశాచర జంతువులకు ప్రత్యేకంగా ఒక భవనం కట్టారు. రాత్రిపూట దానిలో దీపాలు వెలిగిస్తారు. లోపలి జంతువులు పగలనుకుని నిద్రపోతాయి. పగటిపూట లోపల చీకటి చేసి, మసక వెలుతురు మాత్రమే ఉంచుతారు. జంతువులు రాత్రి అనుకుని మేలుకుని తిరుగుతాయి. ఇలా రాత్రిని పగలు, పగలును రాత్రి చేయడం వల్లనే మనం వాటి కదలికలు చూడగలుగుతున్నాం.

మూషిక జింక కూడా ఎక్కువగా చీకటి వేళల్లో తిరిగేదే.

రెండు స్కేళ్ళ ఎత్తు

మీ జామెట్రీ పెట్టెలోని 15 సెంటీమీటర్ల స్కేళ్ళు రెండు తీసుకుని ఒకదానిపై ఒకటి నిలబెట్టండి. మూషిక జింక భుజం వరకూ ఉండే ఎత్తు అంతకు మించదు. 25 నుంచి 30 సెంటీమీటర్లు, అంతే! పొడవు 57 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. బరువు దాదాపు 3 కిలోలు. బాగా ఎదిగిన కోడిపుంజు కూడా అంత బరువు తూగుతుంది. మన దేశంలో గిట్టలున్న జంతువులన్నిటిలోకీ తేలికైనది ఇదే.

పేరులో జింక ఉంది కానీ ఇది నిజమైన జింక కాదు. ఎలుకకూ దీనికీ కూడా ఏ చుట్టరికమూ లేదు. శాస్త్రజ్ఞులు దీన్ని 'ట్రాగులిడే' అనే వేరే కుటుంబంలో చేర్చారు. ఎందుకో చూడండి.

మగ దుప్పికి కొమ్ములుంటాయి. మూషిక జింకకు మగదానికైనా ఆడదానికైనా కొమ్ములు లేవు. దానికి బదులు మగదాని పైదవడ నుంచి రెండు కోరలు కిందికి పొడుచుకు వస్తాయి. మగవి తమలో తాము పోట్లాడుకునేటప్పుడు ఇవే ఆయుధాలు.

ఆవు, మేక, దుప్పి నెమరు వేస్తాయని మీరు పాఠాల్లో చదివారు. వాటి జీర్ణాశయంలో నాలుగు గదులుంటాయి. మూషిక జింక కూడా నెమరు వేస్తుంది. కానీ దాని జీర్ణాశయంలో బాగా ఎదిగినవి మూడు గదులే. నెమరు వేసే జంతువుల తొలినాటి రూపం ఎలా ఉండేదో ఊహించడానికి ఇది ఒక ఆధారం. ఈ కుటుంబానికి చెందిన జంతువుల శిలాజాలు మూడు కోట్ల సంవత్సరాలకు పూర్వపువి కూడా దొరికాయి. అంటే మనిషి ఈ భూమిపైకి రావడానికి ఎంతో ముందే ఈ కుటుంబం ఉందన్నమాట.

కనబడకపోవడమే దాని బలం

ఇంత చిన్న జంతువు అడవిలో ఎలా బతుకుతుంది? చిరుతపులికి, రేచుకుక్కలకు, కొండచిలువకు ఇది సులువైన ఆహారం. పోరాడే బలం లేదు. ఎక్కువ దూరం పరుగెత్తే శక్తీ లేదు. దానికున్న ఒకే ఒక్క రక్షణ కనబడకపోవడం.

గోధుమరంగు ఒంటిపై తెల్లని చుక్కలు, చారలు వరుసలుగా ఉంటాయి. చెట్ల ఆకుల సందుల్లోంచి ఎండ నేల మీద పడినప్పుడు ఏర్పడే చుక్కలూ అలాగే ఉంటాయి. రాలిన ఆకుల మధ్య మూషిక జింక కదలకుండా నిలబడితే పక్క నుంచి నడిచి వెళ్ళినా తెలియదు. తమిళులు దీన్ని 'సరుగు మాన్' అంటారు. ఎండుటాకుల జింక అని దానికి అర్థం. ఎంత చక్కగా సరిపోయిందో చూడండి!

ఇది రాలిన పండ్లు, లేత ఆకులు తింటుంది. పండ్లతోపాటు గింజలు ఒకచోటి నుంచి మరొకచోటికి చేరతాయి. అలా కొత్త మొక్కలు మొలుస్తాయి. మరోవైపు ఇది మాంసాహార జంతువులకు ఆహారమూ అవుతుంది. మూషిక జింక తగ్గిపోతే ఈ రెండు పనులకూ లోటు వస్తుంది.

దీనికి ఆపద ఎక్కడి నుంచి వచ్చింది? మనుషుల నుంచే. మాంసం కోసం ఉచ్చులు పన్నారు. అడవులు నరికారు. వేసవిలో నేల మీది ఎండుటాకులకు నిప్పంటుకుంటే దాగే చోటే లేకుండా పోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులితోపాటు మూషిక జింకకు కూడా చోటు కల్పించారు. అంటే దాన్ని వేటాడటం పులిని వేటాడినంత నేరం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. దేశం మొత్తం మీద చూస్తే మూషిక జింక రేపో మాపో అంతరించిపోయే దశలో లేదు. కానీ ఒక్కొక్క అడవిలో అది పలచబడుతూ వచ్చింది. "ఇంకా ఉన్నాయి కదా, తరువాత చూద్దాం" అనుకుంటే ఏమవుతుంది? పది మిగిలాక పెంచుదామని మొదలుపెడితే ఆ పదీ బతుకుతాయన్న నమ్మకం లేదు. అందుకే అవి ఉండగానే పని మొదలుపెట్టాలి.

ఆరింటితో మొదలు

2010లో నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో మూషిక జింకల ప్రజనన కేంద్రం మొదలైంది. కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ, హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ ఇందులో పాలుపంచుకున్నాయి. సీసీఎంబీకి అత్తాపూర్‌లో 'లాకోన్స్' అనే ప్రయోగశాల ఉంది. ప్రమాదంలో ఉన్న జంతుజాతుల్ని కాపాడే మార్గాలు వెతకడమే దాని పని.

మొదట ఉన్నవి ఆరు జంతువులు. రెండు మగవి, నాలుగు ఆడవి.

ఒక మగదాన్ని, ఒక ఆడదాన్ని ఒకచోట వదిలితే సరిపోతుంది కదా అని మీరనవచ్చు. అంత సులువు కాదు. మూషిక జింక చాలా బెదురు జంతువు. పెద్ద చప్పుడైనా, చుట్టూ జనం మూగినా కంగారుపడి కంచెకు గుద్దుకుంటుంది. చేతుల్లోకి తీసుకుని పరీక్ష చేయబోతే ఆ భయానికే ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ప్రజనన ఆవరణలను సందర్శకులకు దూరంగా ఉంచుతారు. దాక్కోవడానికి పొదలు, ఎండుటాకులు ఏర్పాటు చేస్తారు. జూలో జరిగే పనుల్లో చాలా ముఖ్యమైనది మనకు కనబడకుండా జరుగుతుందన్నమాట!

పెంటికలు చెప్పే కబురు

ముట్టుకోకూడదు. రక్తం తీయకూడదు. మరి ఆడ జింక కడుపుతో ఉందో లేదో తెలిసేదెలా?

దీనికి శాస్త్రజ్ఞులు చక్కని ఉపాయం పట్టారు. జంతువు గర్భం ధరించినప్పుడు ఒంట్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పెరుగుతుంది. పని పూర్తయిన హార్మోను శరీరంలో విచ్ఛిన్నమై, ఆ ముక్కల్లో కొంత భాగం మలంలో బయటికి పోతుంది. కాబట్టి పొద్దున్నే ఆవరణలో పడి ఉన్న పెంటికలు ఏరి, ప్రయోగశాలలో పరీక్షిస్తే చాలు. ఆ హార్మోను ఎంతుందో తెలుస్తుంది. జంతువుకు మనం వచ్చిన సంగతే తెలియదు!

ఇలాంటి పరిశీలనల వల్ల మూషిక జింక జీవితం గురించి ఎన్నో విషయాలు తెలిశాయి. గర్భం సుమారు ఐదు నెలలు ఉంటుంది. ఒక కాన్పులో ఒక పిల్ల, అప్పుడప్పుడు రెండు పుడతాయి. ఈనిన కొద్ది గంటల్లోనే తల్లి మళ్ళీ గర్భం ధరించగలదు. అందుచేత సరైన చోటు, తగిన ఆహారం, ప్రశాంతత దొరికితే వీటి సంఖ్య త్వరగా పెరుగుతుంది. నిజంగా పెరిగింది కూడా. ఆరింటితో మొదలైన మంద పదేళ్ళు తిరగకముందే రెండు వందలు దాటింది.

ఎవరి పిల్ల ఎవరు?

సంఖ్య పెరగడమే కాదు, ఎలా పెరిగిందన్నది కూడా ముఖ్యం. ఆరు జంతువుల నుంచి వచ్చిన సంతతి అంతా ఒకదానికొకటి దగ్గరి చుట్టాలే అవుతాయి. దగ్గరి చుట్టాల మధ్య సంతానం కలిగితే వచ్చే చిక్కేమిటి?

ప్రతి జీవికీ జన్యువులు జతలు జతలుగా ఉంటాయని మీకు తెలుసు. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. జతలో ఒకటి లోపంగా ఉన్నా రెండోది బాగుంటే చాలాసార్లు ఆ లోపం బయటపడదు. తల్లీ తండ్రీ దగ్గరి చుట్టాలైతే ఇద్దరి దగ్గరా అదే లోపమున్న జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు పిల్లకు రెండూ లోపమున్నవే రావచ్చు. అలాంటి పిల్లలు బలహీనంగా పుట్టవచ్చు, రోగాలకు లొంగిపోవచ్చు.

దీన్ని తప్పించడానికి జూలో వంశవృక్షం రాసిపెడతారు. ఏ పిల్ల ఎప్పుడు పుట్టింది, తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్న వివరాలు అందులో ఉంటాయి. దాన్ని చూసే జతలు కలుపుతారు. అవసరమైతే ఇతర జూల నుంచి కొత్త జంతువుల్ని తెచ్చుకుంటారు.

మళ్ళీ నల్లమలకు

2017లో అసలైన పరీక్ష వచ్చింది. జూలో పుట్టిన మూషిక జింకల్లో ఎనిమిదింటిని, అంటే రెండు మగవాటిని, ఆరు ఆడవాటిని, నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తరలించారు.

జూలో పుట్టిన జంతువుకు తిండి వేళకు ముందుకొస్తుంది. అడవిలో తానే వెతుక్కోవాలి. ఏ పండు తినవచ్చో, ఏ వాసన వస్తే పారిపోవాలో దానికి తెలియదు. నేరుగా వదిలేస్తే వారం రోజులు కూడా బతకకపోవచ్చు. అందుకని వాటిని ఒక్కసారిగా వదలలేదు. అడవిలోనే రెండు హెక్టార్లకు పైగా నేలకు, అంటే ఐదెకరాలకు పైగా, క్రూరమృగాలు చొరబడకుండా కంచె వేశారు. జింకలను ముందు అందులో ఉంచారు. చుట్టూ అడవి చప్పుళ్ళు, అడవి వాసనలు, కింద అడవి చెట్ల పండ్లు. అక్కడ అలవాటు పడిన తరువాతే కంచె దాటి పోయేది. దీన్ని దశలవారీ విడుదల అంటారు. మొక్కను కుండీలో పెంచి, నీడలో కొన్నాళ్ళు ఉంచి, ఆ తరువాత ఎండలో నాటుతాం కదా, ఇదీ అంతే.

"పెంచి పెద్దచేసి చిరుతకు పెట్టడానికేనా?"

ఈ మాట మీలో కొందరి మనసులో మెదిలే ఉంటుంది. మంచి ప్రశ్నే. జూలో ఉంటే భయం లేదు, వేళకు తిండి ఉంది, జబ్బు చేస్తే వైద్యుడున్నాడు. అడవిలో చిరుత ఉంది. పంపిన వాటిలో కొన్ని తప్పకుండా దానికి ఆహారమవుతాయి. అలాంటప్పుడు పంపడం న్యాయమేనా?

ఇలా ఆలోచించండి. మూషిక జింక చుక్కలు, కదలకుండా నిలబడే నేర్పు, చీకటిలో తిరిగే అలవాటు, ఇవన్నీ ఎందుకు వచ్చాయి? శత్రువులున్న అడవిలో కోట్ల సంవత్సరాలు బతికింది కాబట్టి వచ్చాయి. జూలో ఎన్నో తరాలు గడిచిపోతే బెదురు లేనివి కూడా హాయిగా బతికి పిల్లల్ని కంటాయి. చివరికి మిగిలేది పేరుకే మూషిక జింక. జూ ఒక్కొక్క జంతువు ప్రాణం కాపాడగలదు. ఆ జాతి జాతిగా నిలబడేది అడవిలోనే. పంపినవాటిలో కొన్ని చనిపోయినా, మిగిలినవి అడవిలో పిల్లల్ని కని ఆ పిల్లలు బతికితే జూ పని నెరవేరినట్టే.

ఇది తేలిక నిర్ణయం కాదు. చేత్తో మేత వేసి పెంచినవారికి మరీ కష్టం. అయినా జూ గొప్పతనాన్ని లోపల ఎన్ని జంతువులున్నాయని కాక, బయటికి ఎన్ని వెళ్ళి బతికాయని లెక్కపెట్టాలి.

జూ ఒక్కటే చాలదు

ఇలాంటి ప్రయత్నం మనకు కొత్త కాదు. 1975లో మన దేశంలో మొసళ్ళ సంరక్షణ పథకం మొదలైంది. అడవి నుంచి గుడ్లు తెచ్చి, పొదిగించి, పిల్లలు కాస్త పెద్దయ్యాక నదుల్లో వదిలేవారు. 1978లో మంజీరా నదిపై ఏర్పడిన అభయారణ్యం మగ్గర్ మొసళ్ళ కోసమే. నేటికీ అక్కడ అవి ఉన్నాయి. నీళ్ళు, గట్లు, చేపలు ఉన్నాయి కాబట్టే వదిలిన పిల్లలు నిలబడ్డాయి.

రాబందుల కథ వేరు. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్ అనే మందు, చచ్చిన పశువుల మాంసం ద్వారా రాబందుల ఒంట్లోకి చేరి మూత్రపిండాలను పాడుచేసింది. తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభైతొమ్మిదికి పైగా నశించాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. హైదరాబాద్ జూలోనూ రాబందుల ప్రజనన కేంద్రం ఉంది. కానీ రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. బయట విషం ఉన్నంతకాలం లోపల ఎన్ని పిల్లల్ని పెంచినా లాభం లేదు.

మూషిక జింకకూ ఇదే సూత్రం. నల్లమలలో నిప్పు, ఉచ్చులు తగ్గకపోతే జూ చేసిన కృషి అంతా వృథా.

ఈసారి జూకి వెళ్ళినప్పుడు

ఈసారి వెళ్ళేటప్పుడు ఒక నోటు పుస్తకం, పెన్సిలు తీసుకెళ్ళండి. మన ప్రాంతపు చిన్న జంతువు ఒకదాన్ని ఎంచుకుని, పది నిమిషాలు చప్పుడు చేయకుండా దాని ముందు నిలబడండి. నిమిషానికొకసారి అది ఏం చేస్తున్నదో రాయండి. తింటున్నదా, నెమరు వేస్తున్నదా, చెవులు కదిలిస్తున్నదా, నిద్రపోతున్నదా? ఇంటికి వచ్చాక ఆ పది గీతలూ చూసుకోండి. పులి ముందు గంటసేపు కేకలు వేసిన దానికంటే ఎక్కువ తెలుసుకున్నారని మీకే అర్థమవుతుంది. శాస్త్రజ్ఞులు జంతువుల ప్రవర్తనను పరిశీలించే పద్ధతుల్లో ఇదీ ఒకటి.

కేకలు వేయకండి, రాళ్ళు విసరకండి, తినుబండారాలు పెట్టకండి. జూలో జంతువులను ఆటపట్టించడం, వాటికి ఆహారం పెట్టడం, చప్పుడుతో బెదరగొట్టడం చట్టరీత్యా నేరమే. చట్టం సంగతి అలా ఉంచి, మూడు కిలోల ఆ చిన్న ప్రాణిని తలుచుకోండి. మీరు సరదాకి వేసిన కేక దాని గుండె ఆపేయగలదు.

మూషిక జింక మీకు కనబడకపోవచ్చు. ఆవరణ ఖాళీగా ఉందనుకోకండి. ఎండుటాకుల మధ్య అది కదలకుండా నిలబడి మిమ్మల్నే చూస్తూ ఉండవచ్చు. ఆ దాగే నేర్పు పోనంతవరకు, అది నల్లమలకు తిరిగి వెళ్ళగలదన్న ఆశ మనకుంది.